నిద్రపట్టని ఒక రాత్రిని చిన్న కథా ఆటగా తయారుచేయడం ఎలా

ఇక్కడ చెప్పబోయేది తెర మీద మాటలు చదువుతూ, లింకులు నొక్కుతూ ఆడే ఆట. దానికి ఒక గది, ఒక మంచం, ఒక ఫ్యాను, ఒక్క రాత్రి చాలు. ఆడేవారికి పది నిమిషాలు పడుతుంది. సాయంత్రాలు ఒక గంట చొప్పున కూర్చోగలిగితే తయారుచేసేవారికి రెండు మూడు వారాలు పడుతుంది. బొమ్మలు గీయడం రానక్కరలేదు, ప్రోగ్రామింగు చదివి ఉండనక్కరలేదు. నేను ఉండేది గంజాం జిల్లా బరంపురంలో; ఇంట్లో తెలుగు, గుమ్మం దాటితే ఒడియా, రెంటి మధ్య ఎప్పుడు మారామో మాకే తెలియకుండా మాట్లాడుకుంటాం. నేను చేసిన ఆట కూడా అలాంటి ఇంట్లోనే జరుగుతుంది కాబట్టి ఉదాహరణలన్నీ అక్కడివే ఇస్తాను. మీ ఆట మాత్రం మీ ఇంట్లోనే జరగాలి, అది పర్లాకిమిడి అయినా, గునుపురం అయినా, రాయగడ అయినా.

కంప్యూటరు తెరవడానికి ముందు ఒక వారం పాటు ఆలోచనలను పోగుచేయండి. రాత్రి మంచం మీద పడుకుని ఫోనులో రాసుకోవద్దు, ఆ వెలుతురుకు ఉన్న కునుకు కూడా పోతుంది. తెల్లవారి పళ్ళు తోముకునే లోపల, రాత్రి బుర్రలో తిరిగినవాటిని గుర్తున్నంత వరకు కాగితం మీద పెట్టండి. వాటిని వ్యాసంలా రాయకండి, వచ్చిన మాటల్లోనే రాయండి. నా కాగితం మీద మొదటివారం చేరినవి ఇలాంటివి: "వీధి తలుపు గడియ పెట్టేనా?", "అప్పడాల షాపువాడికి ఇవ్వవలసిన నూట నలభై", "పెళ్ళిలో ఆవిడ నన్ను చూసి ఎందుకు నవ్వినట్టు?", "ఇప్పుడు పట్టినా నాలుగున్నర గంటలే". వీటితోపాటు ఒక ఒడియా వాక్యం కూడా చేరింది. ఆ ఉదయం ఒక ఆఫీసు కౌంటరు దగ్గర మూడోసారి విన్న "కాలి ఆసంతు", అంటే రేపు రండి అన్న మాట, అన్న మనిషి గొంతుతో సహా రాత్రి పన్నెండింటికి తిరిగి వచ్చింది.

వారం తరువాత ఆ కాగితాలను ముందు వేసుకుంటే ఆలోచనల్లో మూడు జాతులు కనిపిస్తాయి. రేపు లేచి చేసేస్తే తీరిపోయే పనులు ఒక జాతి. ఎప్పటికీ తీరనివి, అంటే పాత అవమానాలు, అనవలసింది అనలేకపోయిన సందర్భాలు, జవాబు చెప్పవలసిన మనిషి ఇప్పుడు బతికిలేని మాటలు, మరొక జాతి. మూడోది నిద్ర గురించిన ఆలోచన. ఎంతసేపటినుంచి మెలకువగా ఉన్నాను, రేపు ఆఫీసులో కళ్ళు మూతలు పడతాయేమో, నాకేమైనా జబ్బేమో అన్నవి ఈ జాతివి. ఆటకు ఇంజను ఈ మూడోదే. అలిసన్ హార్వే అనే మనస్తత్వ శాస్త్రవేత్త 2002లో నిద్రలేమికి ఇచ్చిన వివరణలో కూడా ఇదే ఉంది: నిద్ర గురించిన దిగులు వల్ల మనిషి తనను తాను కాపలా కాయడం మొదలుపెడతాడు, గడియారం చూస్తాడు, గుండె వేగం గమనిస్తాడు, ఆ కాపలాయే దిగులును పెంచుతుంది.

మన ఇళ్ళలో ఇచ్చే సలహా అందరికీ తెలిసిందే. "ఏదీ ఆలోచించకుండా కళ్ళు మూసుకో, రామా కృష్ణా అనుకుంటూ పడుకో" అంటారు. ఆ సలహాలో రెండో సగం ఫరవాలేదు, మొదటి సగం పనిచేయదు. కోతిని తలచుకోకుండా మందు తాగమన్న వైద్యుడి సామెత పుట్టింది ఇందుకే. 1987లో డేనియల్ వెగ్నర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త అమెరికాలో దాదాపు అదే పరీక్ష చేశాడు. అక్కడ కోతికి బదులు తెల్ల ఎలుగుబంటి. దాన్ని తలచుకోవద్దని, తలపుకు వచ్చినప్పుడల్లా గంట మోగించమని చెబితే, గంట మోగుతూనే ఉంది.

కాబట్టి ఆట మొత్తానికి ఒకే నియమం పెట్టుకోండి. ఆలోచనను ముట్టుకుంటే అది రెండవుతుంది, ముట్టుకోకుండా వదిలేస్తే కాసేపటికి దానంతటదే వెలిసిపోతుంది. మామూలు ఆటల్లో వేలు ఎంత చురుకుగా ఉంటే అంత గెలుపు. ఇక్కడ తెర మీద నొక్కే ఆ వేలే నిద్రపోనివ్వని మనసు. ఆడేవారు ఈ సంగతిని ఎక్కడా చదివి తెలుసుకోకూడదు, ఐదారు నిమిషాలు ఓడిపోయి తమంతట తాము కనిపెట్టాలి. ఆట ఆరంభంలో సూచనల పేజీ పెట్టాలనిపిస్తుంది, పెట్టకండి.

పనిముట్టుగా ట్వైన్ సరిపోతుంది. క్రిస్ క్లైమస్ 2009లో విడుదల చేసిన ఈ ఉచిత సాఫ్ట్‌వేరును ట్వైనరీ డాట్ ఆర్గ్ అనే వెబ్‌సైటులో నేరుగా బ్రౌజరులోనే వాడుకోవచ్చు, దించుకుని కంప్యూటరులోనూ పెట్టుకోవచ్చు. కొత్త కథ మొదలుపెట్టగానే గళ్ళ కాగితం లాంటి తెర మీద ఒక చిన్న డబ్బా కనిపిస్తుంది. దాన్ని పాసేజీ అంటారు. ఆడేవారికి ఒక్కసారి తెర మీద కనిపించేదంతా ఒక పాసేజీ. కథారూపం, అంటే కథను తెర మీద నడిపే పద్ధతి, ఏదని అడిగితే ముందుగా ఎంచి ఉండే హార్లోనే ఉంచేయండి, ఇక్కడ చెప్పేవన్నీ దానికి సంబంధించినవే. మొదటి పాసేజీలో నేను రాసింది ఇది:

ఫ్యాను తిరుగుతోంది. పక్కగదిలో అమ్మ ఒకసారి దగ్గింది.
[[వీధి తలుపు గడియ పెట్టేనా?->గడియ]]

రెండేసి చదరపు కుండలీకరణాల మధ్య బాణానికి ఎడమవైపున ఉన్నది ఆడేవారికి కనిపించే లింకు, కుడివైపున ఉన్నది చేరవలసిన పాసేజీ పేరు. ఇది రాసి మూయగానే "గడియ" అనే పాసేజీని ట్వైనే తయారుచేసి, రెండింటినీ గీతతో కలుపుతుంది. పాసేజీల పేర్లు తెలుగులో పెట్టుకోవడానికి ఏ ఇబ్బందీ లేదు. "గడియ"లో ఇలా ఉంటుంది:

పెట్టేను. ఇనుము చేతికి చల్లగా తగిలింది, గుర్తుంది.
[[అది ఇవాళా, నిన్ననా?->నిన్న]]
[[మరి పెరటి తలుపు?->పెరడు]]

గమనించండి, మొదటి ప్రశ్నకు జవాబు దొరికింది. దొరికినా ఆలోచన ఆగలేదు, ఆ జవాబు మీదే రెండు ప్రశ్నలు మొలిచాయి. ప్రతి పాసేజీలోనూ ఈ వరస పాటించాలి. జవాబు నిజంగా తృప్తికరంగా ఉండాలి, అయినా సరిపోకూడదు. జవాబులు మరీ తేలికగా, అర్థం లేకుండా ఉంటే ఆడేవారికి ఇది రచయిత చేస్తున్న అల్లరిలా తోస్తుంది తప్ప తమ బుర్రలా తోచదు.

ఇక్కడ ఒక లెక్క అడ్డువస్తుంది. ఒకటి రెండై, రెండు నాలుగై, ఐదు మెట్లు దిగేసరికి ఆఖరి మెట్టులోనే ముప్పై రెండు పాసేజీలు, మొత్తం అరవై మూడు అవుతాయి. అన్ని రాయకండి. పాత పాసేజీలకే మళ్ళీ మళ్ళీ దారులు కలపండి. రాత్రి ఆలోచనలు అలాగే తిరుగుతాయి గదా, పెళ్ళిలో నవ్విన ఆవిడ దగ్గర మొదలై గ్యాసు సిలిండరు మీదుగా మళ్ళీ ఆవిడ దగ్గరికే వస్తాయి. మన బద్ధకమూ విషయ సత్యమూ ఇంత చక్కగా కలిసివచ్చే చోటు ఆట తయారీలో మరొకటి నాకు తగలలేదు. ఇరవై పాసేజీలు చాలు. రెండోసారి వచ్చినప్పుడు ఒక్క మాట మారితే చాలు: మొదటిసారి "నవ్వింది", తరువాత "నన్ను చూసి నవ్వింది", మూడోసారి "అందరూ నవ్వారు". పాసేజీకి ఎన్నోసారి వచ్చారో లెక్కపెట్టి దాన్నిబట్టి వాక్యం మార్చడానికి హార్లోలో సెట్, ఇఫ్ అనే రెండు మాక్రోలు, అంటే పాసేజీలోనే రాసే చిన్న ఆజ్ఞలు, సరిపోతాయి. ఇవి నేర్చుకోవడానికి ఒక పూట చాలు. లెక్క దాచుకునే వేరియబుళ్ళ పేర్లు మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లో పెట్టుకుంటే తరువాత తలనొప్పి ఉండదు.

అలాంటి వేరియబులు మరొకటి కావాలి. దాన్ని మెలకువ అనుకుందాం. ఆలోచనను ముట్టుకున్నప్పుడల్లా ఒకటి, గడియారం చూసినప్పుడల్లా మూడు పెరుగుతుంది. గడియారాన్ని ప్రతి పాసేజీలోనూ కింది మూలన చిన్న లింకుగా ఉంచండి. ఎవరూ చూడమని బలవంతపెట్టరు, అయినా అందరూ చూస్తారు. చూసినవారికి సమయం చెప్పి ఊరుకోకుండా మిగిలిన నిద్ర ఎంతో కూడా లెక్కగట్టి చెప్పండి, ఎందుకంటే మనసు చేసేది ఆ తీసివేతే. మెలకువ అంకెను మాత్రం తెర మీద ఎప్పుడూ చూపకండి. నేను మొదట చేసిన ఆటలో దాన్ని పైన ఒక పట్టీలా చూపించాను. మా పిన్ని కూతురు ఆ పట్టీని సున్నాకు దించి తీరాలని రాత్రి ఒంటిగంట దాకా ఆడి, పొద్దున్న నన్ను తిట్టింది. నిద్ర గురించిన ఆటకు స్కోరు పెట్టడం కంటే తెలివితక్కువ పని లేదు.

ముట్టుకోకుండా వదిలేస్తే ఆలోచన వెలిసిపోవడాన్ని తయారుచేయడం కష్టమేమీ కాదు. హార్లోలో లైవ్ అనే మాక్రోకు సెకన్లు చెప్పి, దాని లోపల గో-టు మాక్రో పెడితే, అన్ని సెకన్ల తరువాత ఆట తనంతట తానే వేరే పాసేజీకి వెళుతుంది. ఈలోగా ఆడేవారు ఏ లింకైనా నొక్కి వెళ్ళిపోతే పాత పాసేజీతోపాటు ఆ లెక్కింపు కూడా పోతుంది కనుక దాన్ని విడిగా ఆపవలసిన పని లేదు. నేను మొదట నలభై సెకన్లు పెట్టాను. ఇంట్లో కంప్యూటరు మీద బాగానే ఉంది. ఫోనులో ఆడినవారందరికీ ముప్పై సెకన్లకే తెర ఆరిపోయింది, ముట్టుకుని వెలిగించారు, ఆలోచనలు మళ్ళీ మొదలయ్యాయి. దాన్ని ఇరవైకి తగ్గించాను. ఎనిమిదో సెకను నుంచి అక్షరాల రంగు కొద్దికొద్దిగా మసకబారేలా చేస్తే, ఏదో జరుగుతోందన్న అనుమానం ఆడేవారికి కలుగుతుంది. అంతకుమించి సూచన అవసరం లేదు. నాలుగు ఆలోచనలను ఇలా వదిలేసినవారికి ఆఖరి పాసేజీ దొరుకుతుంది. మధ్యలో ఒకటి నొక్కితే లెక్క మళ్ళీ మొదటికి రాకుండా ఒకటి మాత్రమే వెనక్కి తగ్గేలా చేయండి, మొదటికి తెస్తే కసి పుడుతుంది. హార్లో తెర పక్కన వెనక్కి వెళ్ళే బాణం గుర్తు ముందే పెట్టి ఉంచుతుంది. తెర రూపురేఖలు రాసే చోటైన కథ స్టైల్‌షీటులో దాన్ని దాచేయండి, లేకపోతే రాత్రి వెనక్కి నడుస్తుంది.

ముట్టుకోకుండా ఉండటం ఒక్కటే దారి అయితే ఆట మొండిగా తయారవుతుంది. మంచం దిగే దారి కూడా ఉండాలి. రిచర్డ్ బూట్‌జిన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1972లో ప్రతిపాదించిన పద్ధతి ఇప్పటికీ నిద్రలేమి చికిత్సలో ముఖ్యమైన భాగం: నిద్ర వచ్చినప్పుడే మంచమెక్కాలి, సుమారు ఇరవై నిమిషాల్లో పట్టకపోతే లేచి వేరేచోట కూర్చోవాలి, మళ్ళీ మత్తు వచ్చాకే తిరిగి రావాలి. ఆ ఇరవై నిమిషాలనూ గడియారం చూడకుండా అందాజుగానే లెక్కపెట్టుకోమంటారు. దీన్ని ఆటలో వరండాగా మార్చాను. మెలకువ పది దాటినప్పుడు మాత్రమే "లేచి వరండాలోకి" అన్న లింకు కనిపిస్తుంది. అక్కడ ఏ ప్రశ్నా ఉండదు. తడి సిమెంటు, ఎదురింటి మెట్ల మీద కుక్క, ఒక కుర్చీ, అంతే.

కుర్చీ పక్కన ఒక కాగితం, పెన్ను పెట్టండి. 2018లో అచ్చయిన ఒక అమెరికన్ పరిశోధనలో యాభై ఏడుగురు యువతీయువకులను రెండు జట్లుగా చేసి, ఒక జట్టును రాబోయే రోజుల్లో చేయవలసిన పనులను, రెండో జట్టును ఇప్పటికే చేసిన పనులను పడుకునేముందు ఐదేసి నిమిషాలు రాయమన్నారు. చేయవలసినవి రాసినవారికి సుమారు తొమ్మిది నిమిషాల ముందు నిద్రపట్టింది, పట్టిక ఎంత వివరంగా ఉంటే అంత త్వరగా పట్టింది. అందుకని నా ఆటలో మొదటి జాతి ఆలోచనలు, అంటే నూట నలభై రూపాయలు, గ్యాసు బుకింగు వంటివి, ఆ కాగితం మీద రాస్తే మళ్ళీ రావు. పెళ్ళిలో నవ్విన ఆవిడను కూడా అక్కడ రాయవచ్చు, రాసినా ఆవిడ వస్తుంది. ఈ తేడాను వివరించకుండా ఆటలో పెట్టండి. ఏ ఆలోచన కాగితానికి లొంగుతుందో, ఏది లొంగదో ఆడేవారు తామే పసిగట్టడంలోనే ఈ ఆట రుచి ఉంది.

భాష సంగతి కొంచెం తీరికగా చూడవలసి ఉంది. తెలుగులో నేను, నువ్వు అన్నప్పుడు క్రియలో ఆడ మగ తేడా కనిపించదు, "పెట్టేను" అన్నది ఎవరైనా కావచ్చు. కాబట్టి ఆలోచనలన్నింటినీ "నేను" మీద రాస్తే ఎవరు ఆడినా అది వారి మాటే అవుతుంది. గుర్తుకు వచ్చే ఇతరుల మాటల్లోనే చిక్కు: "ఏటిరా" అన్నా, "ఏటే" అన్నా గుట్టు బయటపడుతుంది. నేను అమ్మచేత "ఏటి నాన్నా, ఇంకా పడుకోలేదా?" అనిపించాను. మా వైపు కొడుకునైనా కూతురినైనా అలా పిలుస్తారు. ఆలోచనలను మాత్రం ఇంట్లో మాట్లాడే మాటల్లోనే రాయాలి. పత్రికల తెలుగులో ఎవరూ దిగులుపడరు. వాడుకభాష కోసం అంత పోరాడిన గిడుగు రామమూర్తి పర్లాకిమిడిలో పాఠాలు చెప్పినవాడే, కాబట్టి ఈ విషయంలో మన జిల్లాలవారికి ఎవరి అనుమతీ అక్కరలేదు. ఒడియాలో వచ్చిన ఆలోచనను ఒడియాలోనే, తెలుగు లిపిలో, పక్కన అర్థం ఇవ్వకుండా ఉంచండి. "కాలి ఆసంతు" అర్థం కాని విజయవాడ మిత్రుడు ఒకరు అది ఎవరి పేరు అని అడిగారు. నేను మార్చలేదు, ఎందుకంటే దాని మీద నొక్కితే వచ్చే పాసేజీలో కౌంటరు మూసిన చప్పుడు మాటల్లో ఉంది, అది చాలు.

తెలుగు లిపి వల్ల వచ్చే సాంకేతిక చిక్కు ఒకటుంది. ఆలోచనలు ఒక్కొక్క అక్షరంగా తెర మీద పడుతూ ఉంటే బాగుంటుందని అందరికీ అనిపిస్తుంది. ఇంగ్లీషు ఆటల్లో అలాగే చేస్తారు. "నిద్ర" అనే మాటనే అలా వేసి చూడండి: మొదట "న", తరువాత "ని", తరువాత "నిద", ఆపైన "నిద్", చివరికి "నిద్ర". కంప్యూటరుకు గుణింతం గుర్తూ, పొల్లూ, దాని వెనుక హల్లూ విడివిడి అక్షరాలు కావడం వల్ల, ఒత్తు పుట్టేలోగా మాట తెర మీద నత్తి పడుతుంది. దీనికి తేలికైన మందు, అక్షరానికి అక్షరం కాకుండా మాటకు మాట కనిపించేలా చేయడం. ఒత్తులు పై వరుస నుంచి కిందికి దిగుతాయి కనుక వరుసల మధ్య దూరం కూడా ఎక్కువ ఉండాలి. అక్షరం ఎత్తుకు ఒకటిన్నర రెట్లు ఉంటే ఇరుకు, ఒకటి ముప్పావు దాటితే కంటికి సుఖం. నేపథ్యం నలుపు, అక్షరాలు పూర్తి తెలుపు కాకుండా బూడిద కలిసిన తెలుపు. గూగుల్ ఫాంట్లలో గిడుగు పేరుతోనే ఒక తెలుగు ఫాంటు ఉంది, సరదాకు దాన్నే వాడాను.

చప్పుళ్ళు రెండే పెట్టాను, ఫ్యానూ రైలూ. హౌరా-చెన్నై ప్రధాన మార్గం బరంపురం మీదుగానే పోతుంది కాబట్టి మా రాత్రుల్లో కూత ఉంటుంది. ఫోనులోనే రికార్డు చేసుకోవచ్చు. బ్రౌజర్లు సాధారణంగా ఆడేవారు ఒకసారి తెరను తాకేదాకా శబ్దాన్ని మోగనివ్వవు, అందువల్ల ఫ్యాను పాసేజీకి ముందు, "దీపం ఆర్పు" అన్న లింకుతో ఆట మొదలుపెట్టండి. ఆ తాకుడుతో గది చీకటవుతుంది, ఫ్యాను వినిపిస్తుంది. మూడో చప్పుడుగా గాలి పెట్టి తీసేశాను. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను గోపాలపురం దగ్గరే తీరం దాటింది. ఆ రాత్రిని చూసినవారికి కిటికీ రెక్క కొట్టుకునే చప్పుడు ఆట కాదు. మొదటిసారి విన్నప్పుడు మా అమ్మ హెడ్‌ఫోను తీసి బల్ల మీద పెట్టేసింది.

వెబ్‌సైటులోనే రాసుకుంటున్నవారు ఒక జాగ్రత్త తీసుకోవాలి. కథ మీ బ్రౌజరులోనే దాగి ఉంటుంది, ఎక్కడో సర్వరులో కాదు. ఫోను నెమ్మదిగా ఉందని ఒకసారి బ్రౌజరులోని చెత్తంతా తుడిచేసి నేను పదకొండు పాసేజీలు పోగొట్టుకున్నాను. రోజూ పని ముగించి లేచేముందు, కథలన్నీ ఉండే ఆర్కైవు ఫైలు దించి పెట్టుకోండి.

పూర్తయ్యాక ముగ్గురికి ఇచ్చి, పక్కన కూర్చుని, నోరు విప్పకుండా చూడండి. వేలు ఎక్కడ ఆగిందో చూస్తే చాలు, అభిప్రాయం అడగనక్కరలేదు. ఒకరైనా ఏడో నిమిషంలోపు చేయి తీసి ఊరుకోకపోతే మసకబారడం మరీ నెమ్మదిగా ఉందన్నమాట. పంచేటప్పుడు ట్వైన్ ఇచ్చే ఒక్క ఫైలును వాట్సాప్‌లో పంపితే చాలా ఫోన్లలో సరిగ్గా తెరుచుకోదు. ఆటలు పెట్టుకునే ఇచ్ డాట్ ఐఓ లాంటి వెబ్‌సైటులో ఉచితంగా ఎక్కించి లింకు పంపడం మేలు. పరిచయంలో ఇది నిద్రపుచ్చే ఆట అని మాత్రం రాయకండి, ఇది నిద్రపట్టకపోవడం గురించిన ఆట. వారానికి మూడు రాత్రులైనా, మూడు నెలలుగా నిద్రపట్టని స్థితిని వైద్యులు దీర్ఘకాలిక నిద్రలేమి అంటారు. దానికి డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న మొదలుపెట్టిన మానసిక ఆరోగ్య సహాయ సేవ టెలీ మానస్‌కు 14416 నంబరులో ఫోను చేస్తే తెలుగులోనూ ఒడియాలోనూ మాట్లాడవచ్చు. ఈ నాలుగు ముక్కలూ ఆట మధ్యలో కాక, ఆఖరి తెర కింద చిన్న అక్షరాల్లో ఉండాలి.

ఆ ఆఖరి తెరలో "నిద్రపట్టింది" అని రాయకండి, పట్టినవారికి అది తెలియదు. నా ఆటలో నాలుగో ఆలోచన వెలిసిపోయాక ఫ్యాను చప్పుడు కూడా సన్నగిల్లుతుంది, తెర పది సెకన్లు నల్లగా ఉంటుంది. తరువాత వరండాలో కుర్చీ, దాని మీద రాత్రి రాసిన కాగితం, అప్పడాల షాపు నూట నలభై, గ్యాసు. వరండాకు అసలు వెళ్ళనివారికి కుర్చీ ఖాళీగా కనిపిస్తుంది. వీధి తలుపుకు గడియ పెట్టే ఉంది. లింకు లేదు.